గళ్లలోకి తిరిగిపోయిన కథ

నా మొదటి కథ ఏదని ఎవరైనా అడిగితే నాకు ఒళ్లు మండుతుంది. అడిగేవాళ్ల తప్పేం లేదు. సభల్లో మెడలో దండ వేసినాక ఏదో ఒకటి అడగాలి కదా, పాపం. నేను కూడా మర్యాదకు ఆదోనిలో ఒక చిన్న వారపత్రికలో పడిన అరపేజీ కథ సంగతి చెబుతాను. వాళ్లు చప్పట్లు కొడతారు, నేను తల ఊపుతాను, వేదిక దిగి వచ్చేస్తాను. ఇంటికి వచ్చినాక అన్నం సహించదు. ఎందుకంటే అది నా మొదటి కథ కాదు. మొదటిది అంతకు ముందు రోజే పోయింది. ఎవరూ ఎత్తుకుపోలేదు, ఎలుకలూ కొట్టలేదు. నా చేతులతో నేనే విడగొట్టాను.

మా తాలూకా బళ్లారి జిల్లాను వదిలి కర్నూలు జిల్లాలో కలిసిన కొత్త రోజులవి. మాది ఎమ్మిగనూరు, మగ్గాల ఇల్లు. నాయన గుంత మగ్గంలో కాళ్లు దించుకుని నేసేవాడు. నాయనను కన్న తల్లిని మేం అవ్వ అంటాం. అవ్వ గోడకు ఆనుకుని రాట్నం తిప్పుతూ, నాడెలో పెట్టే కండెలకు నూలు చుట్టేది. నేను ఆదోనిలో హైస్కూలు చివరి క్లాసు. పగలు పాఠాలు, సాయంత్రం ఒక అచ్చాఫీసులో పని, పని లేని పూట గ్రంథాలయం, శనివారం బస్సెక్కి ఇంటికి. నా వారం అంతే. ఆ వారమంతా కూడా నేను రచయితను అనుకుంటూనే తిరిగేవాణ్ని. అనుకోవడానికేం, నోరు నొస్తుందా. మింగ మెతుకు లేదు గానీ మీసాలకు సంపెంగ నూనె.

ఆ పోయిన కథ ఎవరిదో ముందు చెప్పాలి. అది అవ్వది. ఆమె వయసులో ఉన్నప్పుడు పెద్ద కరువు వచ్చింది. అప్పుడు వాళ్లు ఆస్పరి పక్కన ఒక మెట్ట పల్లెలో ఉండేవాళ్లు. తినేదానికే లేనప్పుడు నేసిన బట్ట కొనేదెవరు? తాత ముందే పని వెతుక్కుంటూ పోయాడు. ఆదోనిలో గంజి పోస్తున్నారని విని, అవ్వ చంకలో మా నాయనను ఎత్తుకుని నడిచి బయల్దేరింది. దారిలో ఎవరి బిడ్డో తెలియని ఒక ఆడపిల్ల వెంటబడింది. అవ్వ కొంగు పట్టుకుని నడిచింది. దారి పొడుగునా ఇద్దరూ ఏవేవో మాట్లాడుకున్నారు. గంజి పోసే చోట తొక్కిసలాట జరిగి పిల్ల చేతిలో నుంచి కొంగు జారిపోయింది. అవ్వ పొద్దు మునిగేదాకా వెతికింది. పిల్ల మళ్లీ కనబడలేదు.

ఈ సంగతి అవ్వ ఎవరినీ కూర్చోబెట్టుకుని చెప్పలేదు. రాట్నం తిప్పుతూ, కళ్లు నూలు మీదే ఉంచి, తనలో తాను చెప్పుకునేది. ఎవరైనా విందామని ఎదురుగా కూర్చుంటే ఠక్కున ఆపేసి, పనీపాటా లేదా పోండి అని కసురుకునేది. నేను గోడవారగా పడుకుని పుస్తకం మొహానికి అడ్డం పెట్టుకుని వినేవాణ్ని. ఒక్కొక్కసారి ఒక్కొక్క ముక్క. అతుకులన్నీ నేనే వేసుకున్నాను.

అచ్చాఫీసులో చేరానని ఇంట్లో చెప్పిన రోజు అందరూ కూలి సంగతి అడిగారు. అవ్వ ఒక్కతే వేరే సంగతి అడిగింది. అందరూ లేచిపోయినాక నన్ను దగ్గరకు పిలిచి నెమ్మదిగా చెప్పింది.

"నా కత గూడా అచ్చులో ఎయ్యప్పా. ఆ పిల్ల యాడన్నా బతికుంటే ఎవురన్నా సదివి ఇనిపిస్తారు. నేను ఇడిసిపెట్టలేదని దానికి తెలియాల."

నేను దొంగతనంగా వింటున్న సంగతి ఆమెకు తెలుసన్నమాట. అచ్చయిన కాగితానికి కాళ్లు వస్తాయని అవ్వ నమ్మకం. అది వెర్రి నమ్మకమూ కాదు. మా అచ్చాఫీసు యజమాని నడిపే పత్రికలో వారం వారం పత్తి ధరలు పడేవి. ఆ ధరల కోసం అది కౌతాళం పోయేది, ఆస్పరి పోయేది, బెళగల్ పోయేది. అంగడి అరుగు మీద చదువొచ్చినవాడు ఒకడు పైకి చదివితే పదిమంది వినేవాళ్లు. పత్తి ధరలు అయిపోయినాక పేపరు మడిచేలోగా మిగతాది కూడా చదివేవాడు. ఆ విన్న పదిమందిలో, వయసు మళ్లిన ఒక ఆడమనిషి ఎందుకు ఉండకూడదు?

యజమాని ఎగతాళి మనిషి. కథ వేయమని అడిగితే, నీ కథ చదివి పత్తి ధర పెరుగుతుందా అన్నాడు. చివరికి ఒప్పుకుని షరతు పెట్టాడు. వచ్చే సంచికలో చివరి పేజీలో సగం ఇస్తాను, అక్షరాలు కూర్చే పని నువ్వే చేసుకోవాలి, వేరే పనికి అడ్డం రాకూడదు, శనివారం మధ్యాహ్నానికి పేజీ నిండకపోతే వేలం నోటీసు వేసేస్తాను అని చెప్పి తన పని మీద కర్నూలు వెళ్లిపోయాడు. కర్నూలు రాజధాని అయినాక పని ఉన్నా లేకున్నా అందరికీ కర్నూల్లో పని పడేది.

సోమవారం తెలుగు క్లాసులో నా పరువు పోయింది. మా ఊరి సంత మీద వ్యాసం రాయమంటే, జనం బండ్లు కట్టుకుని వస్తాండారని రాశాను. మా పంతులుగారు ఆ వాక్యాన్ని పైకి చదివారు. క్లాసంతా నవ్వింది. నవ్వినవాళ్లలో సగంమంది బడి వదిలినాక అచ్చం అలాగే మాట్లాడేవాళ్లే. పంతులుగారు అంచున ఎర్రసిరాతో 'గ్రామ్యం' అని రాసి ఇచ్చారు. ఆయన చెడ్డవాడేం కాదు. నాకు తన ఇంటి నుంచి పుస్తకాలు తెచ్చి ఇచ్చేవారు. పద్యాలు కంఠస్థం చేయించడంలో ఆయనకు సాటి లేరు. నోటికి వచ్చినదే నీది, పుస్తకంలో ఉన్నది పుస్తకానిది అనేవారు. నేను ఆయన పెంపకంలో వందల పద్యాలు మింగాను. నిద్రలో లేపి అడిగినా తడుముకోకుండా చెప్పేవాణ్ని. ఆ గర్వమే తర్వాత నా కొంప ముంచింది.

మంగళవారం గ్రంథాలయంలో కూర్చున్నాను. మద్రాసు నుంచి వచ్చే పత్రికలు అక్కడ బల్ల మీద ఉండేవి. కథలన్నీ చదివాను. బాగున్నాయి కూడా. అందులో మనుషులు వాలుకుర్చీల్లో కూర్చుని కాఫీ తాగుతూ ఒకరినొకరు ఏమండీ అని పిలుచుకుంటారు. ఒక్కరూ యాడికి పోతాండావప్పా అని అడగరు. మా వైపు మనుషులు కథల్లో ఉండరు కాబోలు, ఉంటే కథ పాడవుతుంది కాబోలు అనుకున్నాను. అక్కడే పాత ప్రూఫు కాగితాల వెనకవైపు అవ్వ కథ రాశాను. ఎట్లా రాశానంటే, 'ఒకానొక గ్రామమున దుర్భర క్షామము తాండవించుచుండెను' అని మొదలుపెట్టాను. అవ్వను 'ఆ అభాగిని' అన్నాను. నాకే మహా గొప్పగా ఉండి ఇంకోసారి చదువుకున్నాను. మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాను.

బుధవారం సాయంత్రం అచ్చాఫీసుకు పోయాను. అది పత్తి మార్కెట్టు వెనక ఒక రేకుల షెడ్డు. పత్తి కాలం కావడంతో పత్తి కుక్కిన గోనె బోరాలు నింపుకున్న బండ్లు వీధి నిండా ఉండేవి. గాలికి లేచిన దూది లోపలికి వచ్చి, సిరా తడి మీద అంటుకుంటుందని కిటికీలు మూసేవాళ్లం. ఒక గోడకు తెలుగు అక్షరాల గళ్లపెట్టెలు, ఇంకో గోడకు కన్నడం అక్షరాలవి. కాలితో తొక్కితే నడిచే మిషను ఒక్కటే. కంపోజిటరు బళ్లారిలో పని నేర్చినవాడు, నాకంటే చాలా పెద్దవాడు. అన్నా అని పిలిచేవాణ్ని. ఆయన వారమంతా సీసం అక్షరాలు కూర్చేవాడు, ఆదివారం చర్చిలో పాటలు పాడేవాడు.

నాది అని ఒక గళ్లపెట్టె ముందు నిలబడి, ఎడమచేతిలో అక్షరాలు వరసగా పేర్చే స్టిక్కు పట్టుకుని, జేబులోని కాగితం తీసి ఎదురుగా పెట్టుకున్నాను. 'ఒకానొక' అనే మాటకు అక్షరాలు ఏరుతూ ఏరుతూ నాకు విసుగు పుట్టింది. ఎందుకో ఇప్పటికీ సరిగా చెప్పలేను. కలంతో రాసేటప్పుడు చెయ్యి పరిగెత్తుతుంది, దాని వెనక పుస్తకం మాటలు వాటంతటవే వచ్చి పడతాయి. కూర్చేటప్పుడు అట్లా కాదు. అక్షరానికి ఒక గడి, గుణింతానికి ఒక గడి, వత్తుకు ఒక గడి. చెయ్యి పోయి తెచ్చేలోపల నోరు ఆ మాటను మెల్లగా పలుకుతూ ఉండాలి. ఆ మెల్లదనంలో నాకు అవ్వ గొంతు వినపడింది. రాట్నం తిరిగినంత నింపాదిగా ఆమె చెబుతుంటే, నా చెయ్యి దానికి సరిగ్గా సరిపోయింది. కూర్చిన నాలుగు మాటలూ తీసేశాను. కాగితం మళ్లీ జేబులో పెట్టేశాను. అవ్వ చెప్పినట్టే, అవ్వ మాటలతోనే మొదలుపెట్టాను.

ఆ సాయంత్రం, ఆ మరుసటి సాయంత్రం నేను పడిన సంతోషం మళ్లీ ఈ జన్మలో పడలేదు. అబద్ధం చెబితే నాకేం వస్తుంది? తర్వాత పుస్తకాలు వేశాను, శాలువాలు కప్పించుకున్నాను. అదీ ఇదీ ఒకటి కాదు. మధ్యాహ్నం లెక్కల క్లాసులో కూర్చున్నా నా వేళ్లు డెస్కు మీద అక్షరాలు ఏరుతూనే ఉండేవి. ఆ పిల్ల ఏమడిగిందో, అవ్వ ఏం చెప్పిందో, దారిలో ఎక్కడ కూర్చున్నారో అన్నీ వాటంతటవి వరసలో నిలబడ్డాయి. సీసం అక్షరాలు తలకిందులుగా, ఎడం కుడీ మారి ఉంటాయి. వాటిని అట్లాగే చదవడం మాకు అలవాటు. గురువారం కంపోజిటరన్న నా భుజం మీద నుంచి వంగి కొన్ని వరసలు చదివాడు. పోయి తన గళ్లపెట్టెలోంచి నాకు తక్కువపడిన అక్షరాలు గుప్పెడు తెచ్చి ఇచ్చాడు. చిన్న అచ్చాఫీసులో అంతకు మించిన మెప్పు ఉండదు.

శుక్రవారానికి కథ ముగిసింది. ఇనప పళ్లెంలో వరసలు పేర్చి ఉన్నాయి. ఇంక ప్రూఫు తీసి, తప్పులు దిద్ది, పేజీలో పెట్టడమే మిగిలింది. నేను చేతులు కడుక్కునేందుకు పోయి వచ్చేసరికి వాకిట్లో ఒక పెద్దమనిషి నిలబడి ఉన్నాడు. ఊళ్లో పేరున్న పత్తి వ్యాపారి. ఆయన తల్లి పోయింది. తల గొరిగించుకుని, ఒంటి మీద పైబట్ట ఒక్కటే కప్పుకుని ఉన్నాడు. ఉత్తరక్రియల కార్డులు కావాలి. గుంతకల్లు, బళ్లారి, రాయచూరు, ఎక్కడెక్కడి బంధువులకో ఆ రాత్రి రైలు టపాలోనే పోవాలి.

అచ్చాఫీసుల్లో ఒక కట్టుబాటు ఉండేది. ఎంత పని మీద ఉన్నా చావు కార్డుకు రేపు రమ్మనకూడదు. దాన్ని ముందు వేసి పంపాలి. దానికి ఇంకో కట్టుబాటు తోక. పెళ్లి శుభలేఖకు కూర్చిన అక్షరాల్లో నుంచి ఒక్కటి కూడా చావు కార్డుకు తీయకూడదు. తీస్తే ఆ పెళ్లికి అరిష్టం. అప్పుడేమో మాఘమాసం. గళ్లలో ఉండాల్సిన అక్షరాలన్నీ శుభలేఖల్లోకి ఎక్కి బల్లల నిండా వరసగా కూర్చుని ఉన్నాయి. మిగిలినవి పత్తి ధరల పేజీల్లో బిగించి మిషనుకు ఎక్కించారు. పెద్దింటి కార్డు, కొడుకులూ కోడళ్లూ మనవళ్లూ అందరి పేర్లూ పడాలి. తొందరగా కొట్టాలంటే అదే కార్డును రెండు మూడుసార్లు కూర్చి పక్కపక్కన పెట్టాలి. కంపోజిటరన్న గళ్లన్నీ వేళ్లతో తడిమి చూశాడు. తర్వాత నా వైపు చూశాడు.

"పెండ్లివాటి మీద చెయ్యెయ్యలేనప్పా. పత్తి పేజీలు మిషనెక్కినాయి. ఇంగ ఉండేది నీదొగటే. యేం జేద్దామో నువ్వే సెప్పు."

ఆయన బలవంతం పెట్టలేదు. ఆ వ్యాపారి కూడా పెట్టలేదు. మెట్టు మీద కూర్చుని, పళ్లెంలో ఉన్నదేమిటని మాత్రం అడిగాడు. కథ అని చెప్పాను. కథ అయితే మళ్లీ రాసుకోవచ్చు కదప్పా, మా అమ్మ మళ్లా వస్తాదా అని ఏడ్చాడు. అంత పెద్ద మనిషి, గుండుతో, అందరి ముందర అట్లా ఏడుస్తుంటే నేను పళ్లెం వైపు తిరిగాను. ఆయన అన్నది నిజమేననిపించింది. ఇప్పటికీ ఆయన మీద నాకు కోపం లేదు. నేను దాతనయిపోయాను. అత్త సొమ్ము అల్లుడు దానం చేశాడంటారే, అట్లా. కథ అవ్వది, దానం నాది.

విడగొడదామన్నాను. కంపోజిటరన్న పళ్లెం దగ్గరకు వచ్చి, చెయ్యి వేసేముందు ఆగాడు.

"ప్రూఫొగటి తీసుకోరాదా?"

"ప్రూఫు యాటికన్నా, నాకు నోటికుంది" అన్నాను.

ఆ మాట తలుచుకుంటే ఇప్పుడు కూడా నా చెంపలు నేనే వాయించుకోవాలనిపిస్తుంది. ప్రూఫు తీయడం ఎంతసేపు? కాస్త సిరా రాసి, తడి కాగితం పరిచి, పైన చెక్క పెట్టి కొడితే అయిపోయేది. కానీ ఎదురుగా తల్లి పోయినవాడు కూర్చుని ఉంటే, నేను నా కథకు సిరా రాసుకుంటూ నిలబడడం సిగ్గనిపించింది. అంతకంటే పెద్దది నా గర్వం. ఎవరెవరివో పద్యాలు వందలు నోటికి ఉన్నవాడికి, తన మనసులోంచి వచ్చిన కథ నోటికి ఉండదా? పద్యాన్ని పట్టి ఉంచేది దాని నడక. గణాలూ యతులూ ప్రాసలూ గోడకు మేకుల్లా ఉంటాయి, ఒకటి జారితే ఇంకోటి పట్టుకుంటుంది. అవ్వ మాటకు అవేవీ లేవు. ఆ సంగతి నాకు ఏ క్లాసులోనూ ఎవరూ చెప్పలేదు. నేను కూడా ఎన్నడూ ఆలోచించలేదు.

విడగొట్టే పని ఇద్దరం చేశాం. రెండు మూడు వరసలు ఎడమచేతిలోకి తీసుకుని, మాట మాట చదువుతూ, ఏ అక్షరాన్ని ఆ గడిలో పడేయాలి. చదవకపోతే పని సాగదు. అందుకని నేను నా కథను మొత్తం చదివాను. చదివిన మాట చదివినట్టే చేతిలోంచి జారి గళ్లలో పడిపోయింది. మధ్యలో ఒక వాక్యం దగ్గర నా చెయ్యి ఆగింది. 'కొంగు తేలికైనప్పుడు తెలిసినాదప్పా పిల్ల ల్యాదని.' బాగుంది అనుకున్నాను. దాన్ని కూడా విడగొట్టాను. అవే అక్షరాలతో ఆ పెద్దావిడ స్వర్గస్థురాలైనట్టు కూర్చాం. పత్తి పేజీలను కాసేపు మిషను దించి కొట్టిన నల్ల అంచు కార్డులు టపా వేళకు ముందే అయిపోయాయి. ఆ వ్యాపారి నాకు రెండు చేతులూ ఎత్తి దండం పెట్టి వెళ్లాడు.

శనివారం పొద్దున బడి ఎగ్గొట్టి అచ్చాఫీసుకు వచ్చాను. చావు కార్డు అక్షరాలన్నీ గళ్లలోకి తిరిగి వచ్చేశాయి. స్టిక్కు పట్టుకుని నిలబడ్డాను. కొంగు వాక్యం వచ్చింది. దాని ముందు ఏముందో రాలేదు. వెనక ఏముందో రాలేదు. కళ్లు మూసుకున్నాను, అవ్వను తలుచుకున్నాను, రాట్నం తలుచుకున్నాను. కథ తెలుసు. కరువు తెలుసు, గంజి తెలుసు, పిల్ల తప్పిపోయింది తెలుసు. మాటలు లేవు. రెండు మూడు వరసలు ఎట్లాగో కూర్చాను. చదివి చూస్తే, అవి అవ్వను ఎగతాళి పట్టించినట్టు ఉన్నాయి. తీసేశాను. బయట జిన్నింగు మిల్లు కూత వేసింది. మిషను దగ్గర కంపోజిటరన్న కాలు ఆనించి నిలబడి ఉన్నాడు. తొందర పెట్టలేదు. పేజీ సగం ఖాళీగా ఉంది. కర్నూలు నుంచి వచ్చిన యజమాని మాత్రం వేలం నోటీసు చేతిలో పట్టుకుని అటూ ఇటూ తిరుగుతున్నాడు.

ఏమీ పడకపోవడం కంటే ఏదో ఒకటి పడడం మేలు కదా అనుకున్నాను. జేబులో నుంచి మంగళవారం కాగితం తీశాను. 'ఒకానొక గ్రామమున' అని మొదలుపెట్టి ఒక్క బిగిన కూర్చేశాను. కొంగు వాక్యం ఎక్కడైనా పెడదామని చూశాను. అది ఆ భాషలో ఎక్కడా ఇమడలేదు. దాని చోట 'ఆ బాలిక అదృశ్యమైనదని గ్రహించి ఆ అభాగిని మిక్కిలి దుఃఖించెను' అనే ఉంచాను. చుట్టూ పూల అంచు వేశాం. అచ్చులో ముచ్చటగా ఉంది. యజమాని చదివి, పర్వాలేదే, పంతులు రాసినట్టుంది అన్నాడు. ఆ తర్వాత పంతులుగారు కూడా దాన్ని క్లాసులో పైకి చదివి నా వీపు తట్టారు. నవ్వినవాళ్లంతా అసూయపడ్డారు. కంపోజిటరన్న మాత్రం ఒక ప్రతి మడిచి నా చేతికిచ్చి, ఇది ఇంగొగ కత కదప్పా అన్నాడు. అవునన్నా అన్నాను. మళ్లీ ఆ సంగతి మేమిద్దరం ఎప్పుడూ ఎత్తలేదు.

సాయంత్రం బస్సులో ఎమ్మిగనూరు చేరాను. నా పేరు అచ్చులో పడిందని విని నాయన మగ్గం గుంతలోంచి లేచి వచ్చాడు. ఆయనకు చదువు రాదు. నా పేరు ఎక్కడుందో చూపించుకుని దాన్ని వేలితో తడిమి చూశాడు. వీధిలో అందరికీ చూపించుకుని వచ్చాడు. అవ్వ మాత్రం, రేపు ఇంట్లో ఎవరూ లేనప్పుడు చదువుదువులే అంది.

ఆదివారం పొద్దున నాయనా అమ్మా పడుగుకు గంజి పెట్టేందుకు వీధిలోకి పోయారు. అవ్వ ముఖం కడుక్కుని, కొంగు సరిచేసుకుని, రాట్నం పక్కకు జరిపి నా ఎదురుగా కూర్చుంది. ఎవరైనా వినేందుకు కూర్చుంటే కసురుకునే మనిషి, తానే వినేందుకు కూర్చుంది. నేను చదివాను. అవ్వ కదలకుండా వింది. కొన్ని మాటలు అర్థం కానప్పుడు కళ్లు చిన్నవి చేసింది. ఆపలేదు. చివరి వాక్యం అయిపోయినాక కూడా కొంచెంసేపు నా మొహమే చూసింది.

"బాగుందప్పా" అంది. "ఆయమ్మకు గూడా నా మాదిరే అయినాది, పాపం. మనది యెప్పుడేస్తారు?"

ఇదే మనది అవ్వా అనాలి. నోటిదాకా వచ్చింది. ఆమె మొహంలో ఆ ఎదురుచూపు చూసి మింగేశాను. ఒకసారి పడిన కథను ఏ పత్రికా మళ్లీ వేయదని నాకు తెలుసు. వేస్తామన్నా నా దగ్గర లేదనీ తెలుసు.

"వచ్చే వారం అవ్వా" అన్నాను.

అవ్వ తల ఊపింది. రాట్నం ముందుకు లాక్కుని, తెగిన నూలు పోగు వెతికి పట్టుకుని ముడి వేసింది.

"గంజి తాగినంక నీ తల సిక్కు తీసి జడేస్తానని సెప్పింటి దానికి, దావలో నడిసేటప్పుడు. ఆ మాట మాత్రం ఇడిసిపెట్టొద్దు. దాన్నిబట్టే అది నన్ను గుర్తుపట్టాల."

ఆ మాట నేను గురువారం కూర్చాను. నా చేతులతో అక్షరం అక్షరం ఏరి పెట్టాను. శుక్రవారం అక్షరం అక్షరం గళ్లలో వేశాను. శనివారం అంతసేపు నిలబడినా నాకు గుర్తుకు రాలేదు. ఆ పొద్దుటికే ఆదోని నుంచి బయల్దేరిన పేపర్లు ఆస్పరిలో, కౌతాళంలో అంగళ్ల మీద పైకి చదువుతూ ఉంటారు. సరే అవ్వా, రాస్తాను అన్నాను.